వంద కౌంటు లైబ్రరీలు

నెల్లూరు జిల్లా అల్లూరు చుట్టుపక్కల ఏ చెరువు గట్టు మీదైనా నిలబడి అడిగి చూడండి, ముప్పై కౌంటు రొయ్య మేలా, వంద కౌంటు రొయ్య మేలా అని. మేత బస్తాలు మోసే కుర్రాడు కూడా మిమ్మల్ని ఎగాదిగా చూస్తాడు. కిలోకి ముప్పై తూగితే ముప్పై కౌంటు, వంద తూగితే వంద కౌంటు. అంకె పెరిగేకొద్దీ రొయ్య బక్కది, ధర తక్కువ. పెద్ద అంకె కనబడగానే సంబరపడిపోయే రొయ్యల రైతు ఈ తీరంలో ఒక్కడూ దొరకడు.

ఈ తెలివి లైబ్రరీల దగ్గరికి వచ్చేసరికి ఏమైపోతుందో అర్థం కాదు. పాఠకులు కాలక్షేపానికి వెళ్లే ఊరి గ్రంథాలయం సంగతి కాదు నేను చెబుతున్నది. వ్యవసాయ పరిశోధన స్థానాల్లో, మత్స్య కళాశాలల్లో, ఆసుపత్రుల్లో, అంతరిక్ష కేంద్రంలో ఒక్క పని కోసం, ఒక్క రంగం వాళ్ల కోసం నడిచే ప్రత్యేక గ్రంథాలయాల సంగతి. ఏడాదికి ఎంతమంది వచ్చారు, ఎన్ని పుస్తకాలు ఇచ్చారు, ఎన్ని వ్యాసాలు దించుకున్నారు: ఈ మూడు అంకెలతో వాటి బతుకు తేల్చే అలవాటు పెరుగుతోంది. వచ్చే మార్చి 31కి మళ్లీ ఆ నివేదికలు వెళ్తాయి. అదే రోజుల్లో ఇక్కడ వేసవి పంటకి చెరువుల్లో సీడు వేస్తారు. ఒకచోట తప్పు అంకె రాస్తే రెండోచోట నష్టం ఎలా వస్తుందో ఇప్పుడే చెప్పుకోకపోతే, తర్వాత చెప్పుకోవడానికి లైబ్రరీ మిగలకపోవచ్చు. అందుకే ఈ హెచ్చరిక.

ఒక కళాశాల లైబ్రరీలో నేను కళ్లారా చూసింది చెబుతాను. ఆ కళాశాల పేరు అనవసరం. గ్రేడు ఇచ్చే బృందం మరో వారంలో వస్తుంది. బల్ల మీద రాకపోకల రిజిస్టరు తెరిచి ఉంది. ఒకే నీలి పెన్ను, ఒకే ఒరవడి, నలభై సంతకాలు. ‘వచ్చిన సమయం’ గడిలో 10.05, 10.10, 10.15, అలా ఐదేసి నిమిషాల తేడాతో వరసగా దిగిపోయాయి, బస్టాండులో టైంటేబులు మాదిరి. ఇదేందబ్బా అంటే అటెండరు తల కూడా ఎత్తలేదు. “పిల్లకాయలు ఫోన్లోనే చదువుకుంటన్నారు సార్, ఇక్కడికెవరొస్తారు? రాలేదని రాస్తే మా సార్‌కి మాటొస్తది” అన్నాడు. కళాశాలలకు గ్రేడు ఇచ్చే నాక్ ఫారాల్లో కొన్నేళ్లపాటు రోజువారీ లైబ్రరీ వాడకానికి కొలత అంటే గేటు దాటినవాళ్ల సంఖ్య, కంప్యూటర్లో లాగిన్ అయినవాళ్ల సంఖ్యే. అడిగిందే అది కాబట్టి పంపిందీ అదే. అటెండరును తప్పుపట్టలేను. ఆ గడి గీసినవాళ్ల మీదే నా కోపం.

ప్రజా గ్రంథాలయానికి గేటు లెక్క కొంతవరకు నప్పుతుంది. మన ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా పోతుంది కాబట్టి ఎంతమందికి ఉపయోగపడిందని అడిగే హక్కు మనకుంది. ప్రత్యేక గ్రంథాలయం ధర్మమే వేరు. ఏడాదికి పదిమందే రావచ్చు. ఆ పదిమందిలో ఒకరు వరి వంగడం తీర్చిదిద్దే శాస్త్రవేత్త, ఒకరు రొయ్యల జబ్బు తేల్చే నిపుణుడు అయితే, వాళ్ల వెనక కొన్ని వేల ఎకరాలున్నాయి. నెల్లూరు వ్యవసాయ పరిశోధన స్థానం 1937 నుంచి ఉంది. ముత్తుకూరు మత్స్య కళాశాల 1991లో మొదలైంది. అల్లూరు రైతు ఆ రెండు లైబ్రరీల గడపా తొక్కి ఉండడు. తొక్కాల్సిన పనీ లేదు. ఆ గదిలో ఒకరు చదివిన ముక్క వంగడమై, సలహా అయి, నలుగురి నోటిమీదుగా అతని చేలోకీ చెరువులోకీ వస్తుంది. గేటు దగ్గర లెక్కపెట్టేవాడికి ఈ దారి కనబడదు.

కనబడనిదాన్ని లేనట్టే లెక్కేస్తే ఏమవుతుందో కెనడా చేసి చూపించింది. అక్కడి మత్స్య, మహాసముద్రాల శాఖకు 11 లైబ్రరీలుండేవి. 2013లో 7 మూసేశారు. మూతపడ్డవాటిలో 1908 నాటి సెయింట్ ఆండ్రూస్ జీవశాస్త్ర కేంద్రం లైబ్రరీ ఒకటి. శాస్త్రవేత్తలు గోల పెడితే మంత్రి చెప్పిన సమాధానం ఇది: శాఖ బయటివాళ్లు ఆ 11 లైబ్రరీలకు ఏడాదికి సగటున ఐదుగురి నుంచి పన్నెండుగురు మాత్రమే వస్తున్నారట. అదీ లెక్క! చేపల నిల్వల మీద తరాల తరబడి పోగైన నివేదికలు కొన్ని చెత్తడబ్బాల పాలయ్యాయని అప్పటి పత్రికలు రాశాయి. మూయడం వల్ల ఆదా అవుతుందన్న సొమ్ము ఏడాదికి 4 లక్షల డాలర్ల పైచిలుకు. ఒక దేశం మత్స్యశాఖకు అదొక లెక్కా?

అమెరికా పర్యావరణ సంస్థ అంతకుముందే ఈ పని చేసింది. తన లైబ్రరీల వల్ల పెట్టిన ఖర్చుకు రెట్టింపు నుంచి ఐదున్నర రెట్లకు పైగా ప్రయోజనం ఉందని 2004లో తానే లెక్కగట్టుకుంది. 2006లో చికాగో, డల్లాస్, కాన్సస్ సిటీ లైబ్రరీలకు తాళం వేసింది. చట్టసభ పట్టుబట్టాక 2008లో మళ్లీ తెరిచింది. కొలత చేతిలో పెట్టుకుని కూడా పక్కన పారేసినవాళ్లను ఏమనాలో నాకు మాట తోచడం లేదు.

మన తీరానికి వద్దాం. 1994 చివర్లో నెల్లూరు చెరువుల్లో టైగర్ రొయ్య మీద తెల్లమచ్చ పడింది. అప్పటిదాకా రొయ్య అంటే బంగారం, పొలాలు చెరువులైపోతున్న రోజులు. మూడు నాలుగు రోజుల్లో చెరువుకు చెరువు తేలిపోయింది. నీళ్లు బాగాలేవన్నారు, మేత బాగాలేదన్నారు, దిష్టి తగిలిందన్నారు. ఏరేటర్లు తిప్పారు, మందులు పోశారు. కానీ ఆ తెల్లమచ్చ వైరస్ చైనా, తైవాన్ తీరాల్లో 1992కే బయటపడింది, 1993లో జపాన్‌లో కనిపించింది. అంటే అది మన చెరువులోకి రావడానికి ఏడాది ముందే దాని కబురు ఏదో ఒక పత్రికలో అచ్చయ్యే ఉంటుంది. మంచి లైబ్రరీ ఒకటుంటే జబ్బు ఆగిపోయేదని నేననను. వైరస్ అచ్చుకాగితానికి భయపడదు. తల్లి రొయ్యలను, సీడును అనుమానించాలని ఆ ఏడాది ముందే తెలిసి ఉంటే, అప్పు చేసి రెండో విడత సీడు వేసిన రైతులు కొందరైనా చెయ్యి వెనక్కి తీసుకునేవాళ్లేమో. ఆ తర్వాత 1996 డిసెంబరు 11న రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు తీర్పు, 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం, 2009 నుంచి వనామి రొయ్య, అన్నీ వచ్చాయి. “ఆ కబురు మన దాకా ఎన్నాళ్లకు వచ్చింది” అన్న ప్రశ్న మాత్రం ఏ నివేదికలోనూ గడిగా చేరలేదు.

ప్రత్యేక గ్రంథాలయం పనితీరుకు అసలు కొలత ఆ ప్రశ్నలోనే ఉంది. నెల్లూరు కూడా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, 1931లో మద్రాసులోనే ఎస్.ఆర్. రంగనాథన్ ఐదు గ్రంథాలయ సూత్రాలు అచ్చువేశారు. నాలుగోది పాఠకుడి కాలాన్ని ఆదా చేయమంటుంది. గ్రంథాలయ శాస్త్రం చదివినవాళ్లంతా పరీక్షలో ఇది రాసి పాసైనవాళ్లే. ఉద్యోగంలో చేరాక ఎవరి కాలం ఎంత మిగిలిందో రాసిపెట్టినవాళ్లు ఎందరు?

కొలవడం కష్టమన్న సాకు కూడా చెల్లదు. దారులు ఏనాడో వేశారు. ఇసకపల్లి ఒడ్డున వల లాగేవాళ్లకు ఇట్టే తెలిసే రెండు సంగతులు: ఆ నీళ్లలో ఉన్న చేపల్లో ఎన్ని వలలో పడ్డాయి, వలలో పడ్డదాంట్లో చేప ఎంత, చెత్త ఎంత. సమాచారం వెతకడంలోనూ ఇవే రెండు కొలతలు. ఇంగ్లండులోని క్రాన్‌ఫీల్డ్‌లో సిరిల్ క్లెవర్డన్ 1950ల చివర్లో వీటితో ప్రయోగాలు మొదలుపెట్టాడు. ఆ తర్వాత లాంకస్టర్ అమెరికా వైద్య గ్రంథాలయం వారి మెడ్లార్స్ అనే సేవను పరీక్షకు పెట్టాడు. పనికొచ్చే వ్యాసాల్లో నూటికి 58 మాత్రమే దొరికాయి, దొరికినవాటిలో పనికొచ్చేవి సగమే. ప్రపంచంలోకెల్లా పెద్ద వైద్య సమాచార సేవ తన లోటును తానే అచ్చువేసుకుంది. సేవను ఎక్కడ బాగుచేయాలో వాళ్లకు తెలిసింది ఆ అంకెల వల్లే. మన లైబ్రరీల వార్షిక నివేదికల్లో “దొరకలేదు” అన్న వరస ఎప్పుడైనా చూశారా?

దొరకకపోవడం చిన్న విషయం కాదు. 2001లో అమెరికాలో పేరుమోసిన జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఉబ్బసం మీద ప్రయోగం జరిగింది. ఏ జబ్బూ లేని 24 ఏళ్ల అమ్మాయి తనంతట తాను ముందుకొచ్చి హెక్సామెథోనియం అనే మందు పీల్చింది. ఊపిరితిత్తులు పాడై చనిపోయింది. పరిశోధకుడు ముందుగా కంప్యూటర్లో వెతికాడు. అప్పట్లో అతను వెతికిన సమాచార నిధి 1966 నుంచి వచ్చినవాటినే చూపేది. ఆ మందు ఊపిరితిత్తులకు చేటు చేస్తుందన్న సంగతి 1950ల పత్రికల్లో ఉంది, బీరువాలో. ఆ పాత సంపుటాలను ఏడాదికి ఎందరు తీసి చూసి ఉంటారు? గేటు లెక్కలో అవి సున్నా. ఆ సున్నా విలువ ఒక ప్రాణం. ఆ తర్వాత కొన్నాళ్లు కేంద్ర ప్రభుత్వ నిధులతో అక్కడ నడిచే మనుషుల మీది ప్రయోగాలన్నీ దాదాపుగా ఆపేయాల్సి వచ్చింది.

ఇక మంచి చేసిన లెక్క ఎలా తీస్తారంటారా? న్యూయార్కు రాష్ట్రంలోని రోచెస్టర్‌లో 1992లో అచ్చైన అధ్యయనం చూడండి. 15 ఆసుపత్రుల వైద్యులకు ఒక్కటే పని ఇచ్చారు. ఏదో ఒక కేసు గురించి ఆసుపత్రి లైబ్రరీని అడగండి, వచ్చిన జవాబు వల్ల మీ వైద్యం మారిందో లేదో చెప్పండి అన్నారు. జవాబిచ్చిన 208 మందిలో నూటికి 80 మంది మారిందన్నారు. ఎన్ని పుస్తకాలు తీశారన్న ప్రశ్నే లేదక్కడ. రిచర్డ్ ఆర్ అనే ఆయన 1973లో ఈ ముడి విప్పి పెట్టాడు. సేవ ఎంత బాగుందన్నది ఒకటి, సేవ ఎంత మేలు చేసిందన్నది మరొకటి. మన ఫారాలు ఈ రెంటినీ అడగవు, ఎంత కదలిక ఉందో అడిగి ఊరుకుంటాయి. లైబ్రరీల పనితీరు కొలతలకు 1998 నుంచి ఐఎస్‌ఓ 11620 అనే అంతర్జాతీయ ప్రమాణమే ఉంది. దాన్ని తెరిచి చూడొద్దని ఎవరూ అడ్డుపడలేదు.

ఇంత దూరం పోవడమెందుకు, మన పటాన్‌చెరులోనే ఉదాహరణ ఉంది. ఇక్రిశాట్ లైబ్రరీ 1986లో శాట్‌క్రిస్ అనే సేవ మొదలుపెట్టింది. అప్పుడు లైబ్రరీ బాధ్యత ఎల్.జె. హారవుది. మెట్టపంటల మీద పనిచేసే శాస్త్రవేత్తలు ఒక్కొక్కరి దగ్గరా ఏ పంట, ఏ తెగులు, ఏ నేల అని వివరాలు తీసుకునేవాళ్లు. వచ్చే సమాచారంలో ఎవరికి కావలసింది వాళ్లకు ఏరి పంపేవాళ్లు. అందుకున్నవాళ్లను, పనికొచ్చిందా లేదా అని తిరిగి అడిగేవాళ్లు. శాస్త్రవేత్త లైబ్రరీ గడప తొక్కనక్కర్లేదు, ఏ దేశంలో ఉన్నా సరే. గేటు దగ్గర రిజిస్టరు పెట్టి కొలిస్తే ఆ సేవ ఎప్పుడో మూతపడేది.

ఇప్పుడు చెరువు గట్టుకు రండి. సీడు వేసి నలభై ఐదు రోజులైంది. తెల్లారుజామున చెక్ ట్రే పైకి లాగితే మేత మిగిలిపోయి ఉంది. గాలివాటున ఒక మూల తెల్లటి దారప్పోగులు తేలుతున్నాయి, రొయ్య పెంట. పట్టి చూస్తే ఒకటి చూపుడు వేలంత, ఇంకొకటి దాంట్లో సగం. రైతు ఫోను తీసి ఫొటో కొట్టి గ్రూపులో పెడతాడు. పది నిమిషాల్లో ఆరు మందుల పేర్లు వస్తాయి. అందులో రెండు యాంటీబయాటిక్‌లు. షాపు తెరిచే వేళకి బైకు అక్కడ ఉంటుంది.

ఆ లక్షణాలు ఈహెచ్‌పీ అనే సూక్ష్మజీవి వల్ల కావచ్చు. 2009లో థాయిలాండ్‌లో దానికి పేరు పెట్టారు. ఇది బ్యాక్టీరియా కాదు, శిలీంధ్రాల జాతికి దగ్గరి జీవి. యాంటీబయాటిక్ దాన్ని తాకనైనా తాకదు. రొయ్యను ఒక్కసారిగా చంపదు, ఎదగనివ్వదు. ఎన్ని రోజులు మేపినా వంద కౌంటు దగ్గరే నిలబెడుతుంది. పైగా తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ వాడకూడదని చెప్పిన మందుల్లో ఒకటి ఆ డబ్బాలో ఉంటే, రేపు విదేశీ రేవులో పరీక్షలో దొరుకుతుంది. తిరిగొచ్చేది మొత్తం కంటైనరు. ముందు పీసీఆర్ పరీక్ష చేయించాలి, సీడు కొనేటప్పుడే అడగాలి. పంట తీశాక చెరువు ఎండగట్టి, హెక్టారుకు 6 టన్నుల దాకా నిప్పుసున్నం మట్టిలో కలియదున్ని, తడిపి వారం వదిలేస్తే అడుగు మట్టి పీహెచ్ 12కి ఎక్కి జబ్బు బీజాలు చస్తాయని థాయి నిపుణుల సూచన. మీ చెరువు మట్టికి ఎంత సున్నమో మత్స్యశాఖ అధికారితో చెప్పించుకునే వేయండి.

పై పేరా మొత్తం ఎక్కడో ఒక లైబ్రరీలో ఏనాటి నుంచో ఉంది. బైకు షాపు దగ్గరికి వెళ్లే లోపు అది రైతు చేతికి అందితే ఆ లైబ్రరీ పనిచేసినట్టు. పంట అయిపోయాక సెమినారులో అందితే పనిచేయనట్టే. ఆ ఏడాది లక్షమంది గేటు దాటినా సరే.

వరికీ ఇదే తీరు. అగ్గితెగులుకు కొట్టే ట్రైసైక్లజోల్ అవశేషం బియ్యంలో కిలోకి 1 మిల్లీగ్రాము దాకా ఉండొచ్చన్న హద్దును ఐరోపా సమాఖ్య 2017లో 0.01కి దించింది. ఎగుమతికి పండించే రైతుకు ఇది పిచికారీకి ముందు తెలియాలి.

ఇంకో గడువు దగ్గరికొస్తోంది. ‘ఒకే దేశం, ఒకే చందా’ పథకాన్ని కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 25న ఆమోదించింది. 2025 నుంచి 2027 దాకా మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు, 30 ప్రచురణ సంస్థలు, 13,000 పత్రికలు, 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలు. మంచి పథకం, కాదనను. కానీ మూడేళ్లు తిరిగాక ఏ పత్రిక ఉంచాలి, ఏది తీసేయాలి అన్నప్పుడు బల్ల మీదికొచ్చేది డౌన్‌లోడ్ల పట్టికే. రొయ్యల జబ్బుల పత్రికను దేశం మొత్తంలో చదివేవాళ్లు కొద్దిమంది. కంప్యూటర్ సైన్సు పత్రికతో పోటీపెడితే అది అడుగున ఉంటుంది. అడుగున ఉన్నదాన్ని కొట్టేయడానికి కలం ఎంతసేపు? పైగా ఇప్పటి నుంచే “ఈ నెల డౌన్‌లోడ్లు పెంచండి” అని పిల్లల మీద పడితే, చదవని వ్యాసాలు వందలకొద్దీ దిగుతాయి. నీలి పెన్ను సంతకాలకు కంప్యూటర్ రూపం అదే. ప్రచురణకర్తలు మూకుమ్మడి డౌన్‌లోడ్లను పసిగడితే ఆ సంస్థకు తలుపు మూసేస్తారు, నిజంగా కావలసినవాడు బయట నిలబడతాడు.

కాబట్టి ఫారాలు గీసే అధికారులారా, గేటు లెక్క గడి ఉంచండి, పోయేదేం లేదు. దాని పక్కన ఇంకో మూడు గడులు గీయండి: ఎన్ని ప్రశ్నలు వచ్చాయి, ఎన్ని రోజుల్లో జవాబిచ్చారు, ఎన్నిటికి ఇవ్వలేకపోయారు. మూడో గడిలో పెద్ద అంకె రాసినవాణ్ని మెడపట్టి గెంటకండి. ఏ పుస్తకం, ఏ పత్రిక కొనాలో మీకు చెబుతున్నది అతనే. లైబ్రేరియన్లకు చేతులు జోడించి చెప్పేది ఒక్కటే, దొంగ సంతకాలు మానేయండి. నలభై మంది రోజూ వస్తున్నారని మీరే రాశాక, సేవ చాలడం లేదు, మనిషిని ఇవ్వండి అంటే పైవాడు ఎందుకు నమ్మాలి?

రైతుకూ ఒక మాట. ప్రభుత్వ పరిశోధన సంస్థ, మత్స్య కళాశాల మీ డబ్బుతో నడిచేవే. అన్నా, నాకెందుకులే ఆ చదువులు అనకండి. ఫోను చేసి అడగండి. జవాబు రాకపోతే రాలేదని ఊళ్లో చెప్పండి, వస్తే తర్వాత ఏమైందో తిరిగి చెప్పండి. ఈ చివరి ముక్కే ఎవరూ చేయరు.

తెలిసిన ఒక లైబ్రేరియన్ తన సొరుగులో ఒక రెండొందల పేజీల నోటుబుక్కు పెట్టుకున్నారు. ఎవరూ అడగకపోయినా, ఏ ఫారంలో లేకపోయినా. స్కేలుతో ఐదు గీతలు గీశారు: అడిగింది ఎవరు, ఏం అడిగారు, ఏ రోజు, జవాబు ఏ రోజు, తర్వాత ఏమైంది. నాలుగు వరసలు నిండుగా ఉన్నాయి. ఒకచోట “చెరువు సున్నం – అల్లూరు వైపు రైతు – ఫోను – అదే సాయంత్రం” అని రాసి ఉంది. ఐదో వరస పేజీలకు పేజీలు తెల్లగా ఉంది. పుస్తకం మూస్తూ, “ఆ రైతు నంబరు రాసుకోవాల్సింది” అన్నారు.